మీటల స్పర్శ, మీటల లోతు, తెలుగు వ్రాత
(కోయంబత్తూరు, మదురై తెలుగు పిల్లలనుగూర్చి ఒక పరిశీలన)

తమిళదేశమున తెలుగువారు స్థిరపడి ఐదువందల యేండ్లు కావచ్చినది. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మదురైలో పాలన చేపట్టిననాటినుండి అచటి కొలువులో తెలుగునకు ఆదరణ కలిగినది. విజయరంగ చొక్కనాథుని కాలమున (1706–1732) సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును వచనమున రచించెను. ఆనాటి గ్రంథములు తాటాకులపై గంటముతో వ్రాయబడినవి. గంటము పట్టిన వ్రేలికి లోతు తెలిసియుండవలెను. మిక్కిలిగా నొక్కినచో ఆకు చీలును. చాలీచాలక నొక్కినచో గీతలో మసి నిలువదు. ఎంత నొక్కవలెనో కన్ను చెప్పలేదు, వ్రేలే చెప్పవలెను. ఈ వ్యాసము కూడ వ్రేలికి తెలియు ఆ లోతునుగూర్చినదే. సాధనము మాత్రము వేరు. కంప్యూటరు కీబోర్డులోని మీట, దాని క్రింది స్విచ్చి, ఆ మీట దిగు దూరము, ఇవి తెలుగు వ్రాతను, పిల్లలు ఆడు కంప్యూటరు ఆటలను ఎట్లు ప్రభావితము చేయుచున్నవో విచారించుట దీని ఉద్దేశ్యము.

ఇది ఒక తెలుగు ఉపాధ్యాయునికి పట్టిన విషయమెట్లైనదని పాఠకులకు సందేహము కలుగవచ్చును. నేను కోయంబత్తూరు ప్రాంతమున మైనారిటీ భాషా పాఠశాలలో తెలుగు బోధించువాడను. కమ్మవారు, బలిజలు, దేవాంగులు, రెడ్లు, అరుంధతీయులు మొదలగు కుటుంబముల పిల్లలు మా వద్ద చదువుదురు. వీరి యిండ్లలో తెలుగు చెవికి వినబడును గాని కంటికి కనబడదు. గోడమీది కాలెండరు మొదలు బస్సు ముందరి పలక వఱకు కనబడునది తమిళము, లేదా ఇంగ్లీషు. 2006 నాటి తమిళ విద్యా చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి ఏటేటా పైకి సాగుచు తప్పనిసరి పాఠ్యాంశమై, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. మైనారిటీ భాషల పిల్లలకు న్యాయస్థానములు అప్పుడప్పుడు మినహాయింపు లిచ్చుచు వచ్చినవి. 2023లో సుప్రీంకోర్టు కూడ అట్టిదానినొకదానిని పొడిగించినది. తమిళము నేర్చుట మన పిల్లలకు అవసరము, మేలు కూడ. అందు వివాదము లేదు. కాని తెలుగు వ్రాయుటకు బడిలో దొరకు వేళ తగ్గినదనుట వాస్తవము. ఆ తగ్గిన వేళను ఇంటిలో పూరింపగల సాధనము ఫోను, లేక కంప్యూటరు.

ఫోనుపై మన పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములతో కొట్టుదురు. యంత్రము దానిని తెలుగు లిపిలోనికి మార్చిపెట్టును. పిల్లవాడు తన వ్రేలితో ‘మ’ను గాని, దాని క్రింది వత్తును గాని తాకనే తాకడు. ఒత్తు ఎచటనుండి వచ్చినదో వానికి తెలియదు. పైగా అద్దముపై లోతు లేదు. ప్రతి అక్షరమునకు కన్ను వ్రేలిని వెంబడించవలసినదే. కీబోర్డు అట్లు కాదు. దానిపై చేయి తీరినవాని కన్ను తెరపైననే యుండును. కావున మీట దొరకినదా, దిగినదా అను వార్త వ్రేలిద్వారానే రావలెను. తెలుగు అక్షరములు ముద్రించిన కీబోర్డులు మన యూళ్ల అంగళ్లలో కనబడుట అరుదు కనుక, మన పిల్లవానికి వ్రేలి జ్ఞానము తప్ప వేరు దారి లేదు.

ఇటీవల తల్లిదండ్రులు తఱచుగా నన్నడుగు ప్రశ్న ఇది: “అయ్యవారూ, పిల్లవాడు ఆటలకని ఒక కీబోర్డు కావలెనని మారాము చేయుచున్నాడు. వేలు పోసి కొనవలెనా? దానిమీద తెలుగు కూడ వ్రాసికొనునా?” ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పవలెనన్న మీట క్రింద ఏమున్నదో ముందుగా చూడవలెను.

మీటను నొక్కినపుడు అది పైనుండి అడుగునకు దిగు దూరము మీట ప్రయాణము. ఆ దారిలో ఒకానొక స్థానమున ‘ఇది నొక్కబడినది’ అని యంత్రము గ్రహించును, దానిని గ్రహణస్థానమందము. తిరిగి లేచునపుడు ‘ఇది విడువబడినది’ అని యంత్రము గ్రహించు స్థానము విడుదలస్థానము. ఈ రెండును ఒకే చోట నుండవలెనని లేదు. ఇక వ్రేలు చూపవలసిన బలమెంత, దారిలో వ్రేలికి ‘మెట్టు’వంటిదేమైన తగులునా, శబ్దమగునా అనునవి మిగిలిన సంగతులు.

పాత టైపురైటరులో ఈ సంగతులన్నియు కలసి ఒకటే. అమెరికాలో రెమింగ్టను సంస్థ 1874లో అమ్మకమునకు తెచ్చిన యంత్రము మొదలు, మన దేశమున గోద్రెజ్ సంస్థ 1955 నుండి తయారుచేసిన యంత్రముల వఱకు, వ్రేలి బలమే అక్షరపు కడ్డీని ఎగురవేసి కాగితముపై కొట్టెడిది. మీట అర అంగుళము ప్రాంతము దిగెడిది. బలము చాలనిచో అక్షరము వెలవెలబోవును. రెండు మీటలు ఒకేసారి నొక్కినచో కడ్డీలు చిక్కుకొనును. ఇతర భాషలకంటె మన భాషలకు ఆ యంత్రముపై పాట్లు హెచ్చు. వత్తులకును గుణింతపు గుర్తులకును బండి కదలని మీటలను ఏర్పరుపవలసివచ్చినది. తమిళనాట టైపు శిక్షణాలయములు ఈ శతాబ్దిలో కూడ చాలకాలము నిలిచినవి. ప్రభుత్వ సాంకేతిక పరీక్షలలో నిమిషమునకు 30 ఇంగ్లీషు మాటలు జూనియరు తరగతికి, 45 మాటలు సీనియరు తరగతికి కొలత. ఆ శిక్షణాలయములలో చేయి తీర్చుకొన్న పెద్దలు నేడు కంప్యూటరు ముందు కూర్చున్నను మీటలను రోకటిపోటు వలె కొట్టుచుందురు. అలవాటు అట్టిది, వారి వ్రేళ్లు ఇంకను ఆ కడ్డీని వెదకుచున్నవి.

కంప్యూటరు మీట కాగితమును కొట్టనక్కరలేదు. అది విద్యుత్తునకు ఒక వార్త చేర్చిన చాలును. అయినను తొలినాటి యంత్రనిర్మాతలు టైపురైటరుపై పెరిగిన వ్రేలికి ఏదో యొక గుర్తు కావలెనని తెలిసినవారు. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరు కీబోర్డులో, 1985 నుండి వచ్చిన మోడల్ ఎమ్ అను కీబోర్డులో, మీట క్రింద నిలువు స్ప్రింగు ఒకటి యుండెను. నొక్కగా నొక్కగా అది ఒక్కసారిగా ప్రక్కకు వంగి టక్కుమనును. ఆ వంగుట, యంత్రము గ్రహించుట దాదాపు ఒకే క్షణమున జరుగును. వ్రేలికి తెలిసినది, చెవికి తెలిసినది, యంత్రమునకు తెలిసినది ఒకటే యగుట ఆ కీబోర్డు గొప్పతనము. నేటికిని దానిని వెదకి కొనువారు కలరు.

తరువాత చౌక వచ్చినది. నేడు పాఠశాలలలోను కార్యాలయములలోను కనబడు సామాన్య కీబోర్డులో మీటల క్రింద రబ్బరు పలక యుండును. ప్రతి మీటకు ఒక చిన్న రబ్బరు బుడగ. నొక్కినపుడు ఆ బుడగ మొదట ఎదిరించి, పిదప కూలిపోవును. కూలిన తరువాత, మీట అడుగునకు చేరినపుడు గాని క్రింది పొరలు రెండును తాకవు. అనగా గ్రహణస్థానము అడుగుననే యున్నది. వ్రేలు ప్రతి మారును నేలకు తగులవలెను. కొత్తగా నున్నపుడు బాగుగనే యుండును. రబ్బరు పాతబడినకొలది కొన్ని మీటలు బిగిసికొనును, కొన్ని మెత్తబడును. అపుడు వ్రేలికి తగిలిన మెట్టు అబద్ధమాడును. ‘దిగితిని’ అని వ్రేలు తలచును, యంత్రమునకు వార్త అందదు.

యాంత్రిక స్విచ్చులు మూడవ తెగ. జర్మనీలోని చెర్రీ సంస్థ 1980వ దశకమున తెచ్చిన ఎమ్ఎక్స్ స్విచ్చులు వీనికి మాతృక. ఆ సంస్థ హక్కుల గడువు తీరిన తరువాత చైనాలో ఇదే పోలికగల స్విచ్చులు కోకొల్లలుగా తయారైనవి. ప్రతి మీటకు విడిగా ఒక చిన్న పెట్టె, అందులో ఒక స్ప్రింగు, ఒక కాండము, రెండు లోహపు రేకులు. కాండము రంగునుబట్టి జాతి. ఎరుపుది ఏకధారగా దిగును. దారిలో మెట్టు లేదు. సుమారు 45 గ్రాముల బరువునకు 2 మిల్లీమీటర్లు దిగగనే గ్రహింపబడును. మొత్తము ప్రయాణము 4 మిల్లీమీటర్లు. గోధుమరంగుది గ్రహణస్థానమునకు కొంచెము ముందు మెట్టు తగిలించును. ఆ మెట్టు దాటుటకు 55 గ్రాముల ప్రాంతపు బలము కావలెను, అనగా చిన్న కోడిగ్రుడ్డు బరువు. నీలిది మెట్టుతోపాటు టిక్కుమని శబ్దము చేయును, 2.2 మిల్లీమీటర్లకు గ్రహించును. నలుపుది ఎరుపువలె ఏకధారయే గాని 60 గ్రాములు కోరును. వెండిరంగుది ఆటగాండ్రకై చేసినది, 1.2 మిల్లీమీటర్లకే గ్రహించును, మొత్తము 3.4 మాత్రమే దిగును. స్ప్రింగునుగూర్చి, లోహపు రేకునుగూర్చి కోయంబత్తూరువారికి ఇంతకంటె వివరింప నక్కరలేదు. 1937లోనే జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరము నాయుడుగారు దేశీయమైన విద్యుత్ మోటారును తయారుచేసిన ఊరు మనది. మా విద్యార్థుల తండ్రులలో పంపుసెట్టు పనివారు పాడైన స్విచ్చినొకదానిని విప్పి చూచినచో నాకంటె బాగుగా బోధింపగలరు.

ఇక ఆటల సంగతి. పిల్లలాడు తుపాకియుద్ధపు ఆటలలో ఎడమచేతి వ్రేళ్లు డబ్ల్యు, ఎ, ఎస్, డి అను నాలుగు మీటలపై నుండును. డబ్ల్యు ముందునకు, ఎస్ వెనుకకు, ఎ ఎడమకు, డి కుడికి. ఈ మీటలను పట్టి యుంచుట, విడుచుట, మరల పట్టుట క్షణక్షణము జరుగును. ఇచట మీట లోతు ఏమి చేయునో లెక్క వేసి చూతము. వ్రేలు సెకనునకు 200 మిల్లీమీటర్ల వేగమున దిగుచున్నదనుకొందము. 2 మిల్లీమీటర్లు దిగుటకు సెకనులో వందవ వంతు, అనగా 10 మిల్లీసెకన్లు పట్టును. 1.2 మిల్లీమీటర్లకైనచో 6 మిల్లీసెకన్లు. ఆదా నాలుగు మిల్లీసెకన్లు. కంటికి కనబడినదానికి వ్రేలు కదలుటకే మనుష్యునికి సుమారు 200 మిల్లీసెకన్లు పట్టునని తలచినచో ఈ ఆదా ఎంత స్వల్పమో తెలియును. అయినను సమానులైన ఇద్దరి నడుమ అది ఒకానొకప్పుడు తేల్చవచ్చును. అంగడివాని ప్రకటన మాత్రము అది ఎప్పుడును తేల్చునన్నట్లు చెప్పును.

ఆటలో నిజమైన లాభము దిగుటలో కాదు, లేచుటలో నున్నది. నడచుచున్న బొమ్మ ఆగినగాని గురి కుదురదు. మామూలు స్విచ్చిలో మీట కొంత దూరము పైకి లేచి విడుదలస్థానమును దాటినపుడు గాని బొమ్మ ఆగదు. ఈ చిక్కును తొలగించుటకు అయస్కాంతపు స్విచ్చులు వచ్చినవి. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న హాల్ ప్రభావము వీనికి మూలము. కాండములో ఒక చిన్న అయస్కాంతము, క్రింద దాని దగ్గఱతనమును కొలుచు గ్రాహకము. మీట ఎంత లోతున నున్నదో ప్రతి క్షణమును తెలియును గనుక గ్రహణస్థానమును మన యిష్టము వచ్చినచోట నిలుపవచ్చును, కొన్నిటిలో 0.1 మిల్లీమీటరునుండి 4 వఱకు. అంతేకాక మీట ఎచటనున్నను, పైకి లేవ నారంభించిన తోడనే విడుదలగా లెక్కించునట్లు అమర్పవచ్చును. నెదర్లాండ్సుకు చెందిన వూటింగ్ సంస్థ ఈ పద్ధతిని ప్రచారమునకు తెచ్చినది. దీనినుండి ఇంకొక అడుగు ముందుకు వేసి, ఎదురెదురు మీటలు రెండును నొక్కియున్నపుడు చివరిదానినే లెక్కించు ఏర్పాటు కూడ 2024 నాటికి కీబోర్డులలో చేరినది. వాల్వ్ సంస్థ అదే యేడు ఆగస్టులో తన కౌంటర్ స్ట్రైక్ ఆటలో దీనిని నిషేధించినది. ఆటగాని వ్రేలు చేయవలసిన పనిని కీబోర్డు చేయుచున్నదనుట వారి అభ్యంతరము. సబబైన మాట.

సామాన్యమైన రబ్బరు కీబోర్డుపై ఆటగానికి మఱియొక ఇబ్బంది కలదు. మూడు మీటలను ఒక్కసారి నొక్కినపుడు కొన్ని కూర్పులలో మూడవది గ్రహింపబడదు. ఇది లోతు దోషము కాదు, క్రింది తీగల అల్లికలోని పొదుపు. కాని ఈ లోపము వ్రాతకును తగులును. ఫిన్లెండులోని ఆల్టో విశ్వవిద్యాలయమువారు, కేంబ్రిడ్జివారు కలసి 13 కోట్ల 60 లక్షల మీటనొక్కుళ్లను పరిశీలించి 2018లో ప్రకటించిన పత్రములో ఒక విశేషమున్నది. వేగముగా కొట్టువారు ఒక మీటను విడువకముందే తరువాతి మీటను నొక్కుదురు. వారి వేగమునకు ఈ అతివ్యాప్తి ఒక ముఖ్యకారణము. రెండు చేతులు మార్చి మార్చి పని చేయునపుడు ఇది సులువు. ఒకే వ్రేలు రెండు మీటలకు పరుగెత్తవలసినపుడు అసాధ్యము.

ఈ మాటను పట్టుకొని తెలుగు అమరికను చూడవలెను. భారతప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో రూపొందింపగా, 1991 నాటి ఐ.ఎస్. 13194 ప్రమాణమున చేరిన ఇన్‌స్క్రిప్టు అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులలో పెక్కు కుడిచేతికి వచ్చును. కుడిచేత హల్లు, ఎడమచేత గుణింతము: నడక వంటి లయ. ‘కోయంబత్తూరు’ అని కొట్టి చూడుడు. పదునొకండు నొక్కుళ్లలో ఒక్కచోట తప్ప చేతులు మారుచునే యుండును. ‘మదురై’ అను మాటలో ఐదింటికి ఐదును మారును. మన రెండు ఊళ్ల పేర్లును ఈ అమరికకు ఇంత చక్కగా కుదురుట నాకు ముచ్చట గొలిపినది.

అయితే క్రింది వరుసలో మకారము, నకారము, వకారము ఎడమచేతికే వచ్చినవి. మకారము సి-మీటపై, పొల్లు గుర్తు, అనగా విరామము, డి-మీటపై, దీర్ఘము ఇ-మీటపై నున్నవి. శాస్త్రప్రకారము టైపు నేర్చినవానికి ఈ మూడును ఎడమచేతి నడిమి వ్రేలివే. అకారము షిఫ్టుతో కూడిన డి-మీట. కావున ‘అమ్మ’ అనుటకు అ, మ, పొల్లు, మ అను నాలుగు నొక్కుళ్లును ఒక్క నడిమి వ్రేలే మోయవలెను. ‘మామ’యు అంతే. ‘అత్త’ యన్ననో త కుడిచేతిది, పొల్లు ఎడమచేతిది. చేతులు చక్కగా మారును. ‘అక్క’, ‘తాత’ అట్టివే. ఈ ఒక్క విషయమున అత్తగారే అమ్మకంటె సులభురాలని తరగతిలో చెప్పినపుడు పిల్లలు విరగబడి నవ్వుదురు. ‘నువ్వు’, ‘నవ్వు’ మాటలు రెండును ఎడమచేయి దాటవు. ఇంటిలో అందఱికంటె హెచ్చుగా పలుకు మాటలు ఒక చేతికే, కొన్ని ఒక వ్రేలికే బరువగుట ఈ అమరికలోని లోపము. లోపమని తెలిసియుండవలెను, ఆ మాత్రమునకు విడువరాదు.

మీట లోతు తెలుగునకు పట్టుట ఇచటనే. ‘మ్మ’ కొట్టునపుడు నడిమి వ్రేలు సి నుండి డి కి, డి నుండి మరల సి కి దూకవలెను. మీట అడుగు తగిలిన గాని గ్రహింపని రబ్బరు కీబోర్డులో, తొందరపడిన పిల్లవాని వ్రేలు డి పై సగము దిగి మరలును. పొల్లు పడదు. ‘అమ్మ’ కాస్త ‘అమమ’ యగును. 2 మిల్లీమీటర్లకు మెట్టు తగిలించి అచటనే గ్రహించు స్విచ్చియైనచో వ్రేలు మెట్టును ఎఱిగి వెంటనే మరలవచ్చును, నేల తాకనక్కరలేదు.

దీనికి ఎదురు దోషము ఆటల కీబోర్డులో నున్నది. డి-మీట ఎడమచేతి నడిమి వ్రేలికి విశ్రాంతిస్థానము. వ్రేలు ఊరకున్నపుడు కూడ దానిపైననే యుండును. గ్రహణస్థానమును అర మిల్లీమీటరునకో అంతకంటె పైకో పెట్టినచో వ్రేలు ఒరిగిన బరువునకే పొల్లు పడును. ఇంగ్లీషులో ఇట్లు జరిగినచో ఒక ‘డి’ అక్షరము విడిగా నిలిచి కనబడును, కన్ను పట్టుకొనును. తెలుగులో పొల్లు విడిగా నిలువదు. ముందున్న హల్లుతోను వెనుకనున్న హల్లుతోను కలసి రూపమునే మార్చును. ‘కల’ అని తలచినది ‘క్ల’ యగును. ‘పడవ’ ‘ప్డవ’ యగును. గుణింతము తరువాత పడినచో చుక్కల వలయము కనబడి పట్టుబడుటయు కలదు. హల్లుల నడుమ పడినచో చూచువానికి పిల్లవానికి ఒత్తులు రావేమో యనిపించును. ఆటల కీబోర్డుపై వ్రాసి తెచ్చిన వ్యాసములలో ఇట్టి అక్షరములు చూచినప్పుడు నేను తప్పు దిద్దుటకు ముందు కీబోర్డు ఏదని అడుగుదును. చేతివ్రాతలో అదే పిల్లవాడు ‘కల’ను తప్పు వ్రాయడు. మిగిలిన విశ్రాంతిస్థానములును ఇట్టివే: ఎఫ్-మీట గుడి, ఎస్-మీట ఏత్వము, ఎ-మీట ఓత్వము. తెలుగున ఎడమచేయి ఊరక తగిలినను అక్షరమున మార్పు రావలసినదే.

మఱియొక చిక్కు వ్రేళ్ల పట్టుదలనుండి వచ్చును. ఆటలో నడిమి వ్రేలు డబ్ల్యు పైని, చూపుడు వ్రేలు డి పైని నిలుచును. వ్రాతలో డి నడిమి వ్రేలిది. గంటలకొలది ఆడినవాని చూపుడు వ్రేలు వ్రాతలో కూడ డి మీదికే పోవును. ఎఫ్-మీటపై నున్న చిన్న గీటును వెదకి చేతిని స్వస్థానమునకు తెచ్చుకొనుట ముందుగా నేర్పవలెను. ఎఫ్, జె మీటలపై నుండు ఆ గీట్లు తెలుగున గుడికిని రేఫకును గుర్తులు. కన్ను మూసికొని వానిని పట్టించుటతోనే నా పాఠము ప్రారంభమగును.

తమిళమునుండి వచ్చు అలవాటు కూడ కలదు. 1999లో చెన్నైలో జరిగిన సభ తరువాత తమిళనాడు ప్రభుత్వము అంగీకరించిన తమిళ్99 అమరికలో కూడ అచ్చులు ఎడమకు, హల్లులు కుడికి నున్నవి. అందు ఒకే హల్లును రెండుమార్లు కొట్టినచో మొదటిదానిపై పుళ్ళి తనంతట తానే పడును. తమిళున అమ్మకు మకారము రెండుమార్లు కొట్టిన చాలును. ఆ అమరిక నేర్చిన మన పిల్లవాడు తెలుగునకు వచ్చినపుడు పొల్లు మఱచుట సహజము. దీనిని స్విచ్చి దోషముతో కలిపివేయరాదు. పిల్లవానిని నిదానముగా కొట్టుమని చూచినచో తెలియును: నిదానమున కూడ పొల్లు లేకున్న అలవాటు దోషము, తొందరలో మాత్రమే లేకున్న మీట దోషము.

ఇన్‌స్క్రిప్టును నేను పట్టుకొని యుండుటకు వేఱొక కారణము కలదు. అందు తెలుగు కకారము, తమిళ కకారము ఒకే మీటపై నున్నవి. తకారము, పకారము, రేఫ అట్టివే. ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళము మాత్రమే చదివిన పిల్లలు, అరుంధతీయులలోను ఇతరులలోను, కోయంబత్తూరు, మదురై జిల్లాలలో ఎందఱో కలరు. వారికి తెలుగు లిపి రాదు, తెలుగు వచ్చును. అట్టి పిల్లవాడు ఈ అమరికలో తమిళమున ‘తాత్తా’ కొట్టిన వ్రేళ్లతోనే తెలుగున ‘తాత’ కొట్టగలడు. తెరపై కనబడు అక్షరము అతనికి తెలిసిన ధ్వనితో జతపడును. లిపికి ఇది దొడ్డిదారియే కావచ్చును. కాని ఇంగ్లీషు అక్షరముల దారికంటె ఇది దగ్గఱ. ఈ దారిలో నడచునది కన్ను కాక వ్రేలు కనుక మీట మంచిదై యుండవలెనని నేను పట్టుబట్టుచున్నాను.

అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ తన 9241 సంఖ్యగల ప్రమాణములో మీట ప్రయాణము 2 నుండి 4 మిల్లీమీటర్ల నడుమ నుండుట మేలని పేర్కొన్నది. యాపిల్ సంస్థ 2015లో అర మిల్లీమీటరు ప్రాంతము మాత్రమే దిగు మీటలతో ల్యాప్‌టాప్‌ను తెచ్చి, మీటలు అంటుకొనుచున్నవనియు స్పర్శ చాలదనియు వచ్చిన ఫిర్యాదుల నెదుర్కొని, 2019–20లో ఆ పద్ధతిని విడిచినది. పలుచదనమునకును ఒక హద్దున్నది. పిల్లల తెలుగు వ్రాతకు నా యెంపిక ఇది: గోధుమరంగు జాతి స్విచ్చి, 2 మిల్లీమీటర్ల వద్ద గ్రహణము, 4 మిల్లీమీటర్ల ప్రయాణము. నీలిది వ్రేలికి ఇంకను స్పష్టమే గాని పదిమంది పిల్లలు ఒక గదిలో నీలి స్విచ్చులపై కొట్టినచో ఉపాధ్యాయుని మాట వినబడదు, మిల్లులో నిలుచున్నట్లుండును. వేలు వెచ్చింపలేనివారు దిగులుపడ నక్కరలేదు. కొన్ని వందల రూపాయల కొత్త రబ్బరు కీబోర్డు, పాతబడి బిగిసిన ఖరీదైనదానికంటె మేలు. ఆటలకై అయస్కాంతపు కీబోర్డు ఇదివఱకే ఇంటిలో నున్నచో దానిని మార్చనక్కరలేదు. అట్టివానిలో పెక్కింటియందు ఏ మీటకు ఆ మీట లోతును విడిగా నిర్ణయింపవచ్చును. ఆటకొకటి, వ్రాతకొకటిగా రెండు ఏర్పాట్లు దాచుకొనవచ్చును. వ్రాతకు ఎ, ఎస్, డి, ఎఫ్ మీటల గ్రహణస్థానమును 2 మిల్లీమీటర్లకు దింపి, లేచిన తోడనే విడుదలయగు ఏర్పాటును తీసివేయవలెను. ఈ పనిని పిల్లవానిచేతనే చేయించుట మంచిది. ఆ మీటలు నాలుగును ఓత్వము, ఏత్వము, పొల్లు, గుడి అని వాడు పేరు పెట్టి చెప్పుకొనును.

కొనుటకు పోవునపుడు గాంధీపురము అంగడియైనను, మదురై మాసి వీధుల అంగడియైనను, అచటి కంప్యూటరులో తెలుగు ఉండకపోవచ్చును. అది అడ్డు కాదు. ఎడమచేతి నడిమి వ్రేలితో మాత్రమే సి, డి, సి అని ఇరువదిమార్లు వేగముగా కొట్టి తెరపై మూడేసి అక్షరములు సరిగా వచ్చినవేమో లెక్కింపవలెను. ఒక్క డి తగ్గినను అది ఒక పొల్లు తగ్గినట్లే. తరువాత వ్రేళ్లను ఎ, ఎస్, డి, ఎఫ్ లపై ఊరక ఆనించి, అంగడివానితో ధర మాటలాడుచు ఒక నిమిషము గడపి, తెరవంక చూడవలెను. తెర ఖాళీగా నుండవలెను.